చాక్లెట్ గుడ్డుపై విచారణ

నోర్బెర్ట్ వైడెర్ట్‌కు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. ఆదివారం పూజలో అందరితో కలిసి, మా అప్పులు క్షమించు తండ్రీ అని అడిగేటప్పుడల్లా అది లేచి కూర్చునేది. భార్యకు బాకీపడిన గుడ్డు కూడా ఆ లెక్కలోకి వస్తుందా, రాదా? వస్తే, క్షమించవలసింది పైనున్న దేవుడా, లేక పక్కనే నిలబడి ఆ మాటలే తనకన్నా గట్టిగా చెబుతున్న మారియెట్ అనే ఆ భార్యా? ఒకసారి ఫాదర్‌ని అడిగాడు కూడా. ఫాదర్ కళ్ళజోడు తుడుచుకుని, "గుడ్డే కదా, ఇచ్చెయ్యి నాయనా" అన్నాడు. ఇంత పెద్ద ప్రశ్నకు అంత సులువైన జవాబు ఉండటం నోర్బెర్ట్‌కు అనుమానంగా తోచింది.

గుడ్డు సంగతి ఇది. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం సగం దాటాక వచ్చే బ్రెట్జెల్ ఆదివారం నాడు, లక్సెంబర్గులో మగవాడు తను మనసుపడిన ఆమె చేతిలో పంచదార పాకం పూసిన పెద్ద మెలిరొట్టె పెడతాడు. అది ప్రశ్న. ఆమెకు సమ్మతమైతే ఈస్టరుకు గుడ్డు ఇస్తుంది. అది సమాధానం. లీపు సంవత్సరంలో వ్యవహారం తిరగబడుతుంది. అడిగేది ఆడవాళ్ళు, గుడ్డు ఇచ్చుకోవలసింది మగవాళ్ళు.

మారియెట్ అలాంటి ఒక లీపు సంవత్సరంలోనే నోర్బెర్ట్‌కు బ్రెట్జెల్ ఇచ్చింది. ఆ ఈస్టరుకు అతను లాయరుగా తన మొట్టమొదటి కేసు కాగితాల్లో మునిగిపోయి గుడ్డు మరిచిపోయాడు. మే నెలలో తనంతట తానే పెళ్ళి మాట ఎత్తాడు. పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, పెరిగారు, వాళ్ళ కాపురాలు వాళ్ళు చూసుకుంటున్నారు. కానీ మారియెట్ లెక్క ప్రకారం తను అడిగిన ప్రశ్నకు సమాధానం ఇంకా రాలేదు. లీపు సంవత్సరం వచ్చినప్పుడల్లా ఆమె మరో బ్రెట్జెల్ చేతిలో పెట్టేది. లీపు సంవత్సరం వచ్చినప్పుడల్లా సరిగ్గా ఈస్టరుకు ముందే ఏదో ఒక బ్యాంకు మనుషుల్ని తీసేయాలనుకునేది, నోర్బెర్ట్ ఆ కాగితాలు రాస్తూ ఉండిపోయేవాడు. ఒక ఏడు గుడ్డు కొన్నాడు గానీ, కారులో మరిచిపోతే కరిగి సీటుకు అంటుకుంది. మరో ఏడు మహమ్మారి వచ్చి దుకాణాలే మూతపడ్డాయి.

ఈ ఏడు మళ్ళీ లీపు సంవత్సరం, ఈసారి మాత్రం ఇచ్చి తీరాలని ఒట్టు పెట్టుకున్నాడు. పేస్ట్రీ దుకాణంలో నెల ముందే చెప్పి చేయించాడు. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర గురువారం ఉదయం గుడ్డు తెచ్చుకోవడం, పగలు ఆఫీసులో దాచడం, సాయంత్రం పూజకు ముందు మారియెట్ చేతిలో పెట్టడం, ఇదీ ఏర్పాటు.

"ఈసారి ఏ బ్యాంకు మూస్తున్నారు?" అంది మారియెట్, ఆ గురువారం పొద్దున రొట్టెకు వెన్న రాస్తూ.

"ఏదీ లేదు."

"అయ్యో పాపం! మరి సాకు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"సాయంత్రం నీ చేతిలో పెడతాను. చూస్తూ ఉండు."

"చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ కళ్ళద్దాల నంబరు కూడా మారింది."

నోర్బెర్ట్ కోటు తొడుక్కున్నాడు. ఇలాంటి చోట మాటలకు విలువ లేదని, వస్తువు చేతిలో పడాలని అతనికి వృత్తిరీత్యా తెలుసు.

గుడ్డు పసిపిల్ల తలకాయంత ఉంది. నల్లటి చాక్లెట్, పైన బంగారు రిబ్బను. దుకాణం ఆవిడ అక్షరాలు రాసే పాకం గొట్టం పట్టుకుని, "పేరు రాయమంటారా?" అని అడిగింది. "వద్దండీ, అది ఎందుకో ఆవిడకు తెలుసు" అన్నాడు నోర్బెర్ట్. ఆ రోజు అతను చేసిన తప్పుల్లో ఇది మొదటిది.

ఆ ఊళ్ళో ఉద్యోగ చట్టానికి పేరున్న లాయర్ల సంస్థలు నాలుగే. బ్యాంకులు ఎవరిని ఉద్యోగంలోంచి తీయాలన్నా, తీసేసినవాళ్ళు బ్యాంకుల మీద దావా వేయాలన్నా ఈ నాలుగు గుమ్మాల్లో ఏదో ఒకటి తొక్కవలసిందే. ఆ నాలుగింటిలో ఏది మొదటిదో లండన్‌లో అచ్చయ్యే ఒక గైడు ఏటా తేల్చి చెబుతుంది. నోర్బెర్ట్ సంస్థ 'థిల్ అండ్ వైడెర్ట్' రెండేళ్ళ నుంచి రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానంలో అవెన్యూ అవతలి వైపున్న షానెన్ సంస్థ ఉంది. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు గైడు తరఫున మిస్ హార్గ్రీవ్స్ అనే ఆవిడ స్వయంగా రానుంది.

నోర్బెర్ట్ భాగస్వామి ఫెర్నాండ్ థిల్‌కు చలి పడదు. ఆఫీసంతా కొలిమిలా ఉంటుంది. గుడ్డు ఎక్కడ పెట్టాలో తోచక నోర్బెర్ట్ నడవాలో కాసేపు అటూ ఇటూ తిరిగాడు. అంతలో లియోనీ రైలాండ్ గది గుర్తొచ్చింది. కోర్టు కేసులన్నీ చూసే లియోనీకి గదిలో హీటరు వేయడం నచ్చదు. వెచ్చగా ఉంటే వాదన మెత్తబడుతుందని ఆమె నమ్మకం. పైగా ఆమె స్కీయింగుకని ఆల్ప్స్ కొండలకు వెళ్ళింది, మంగళవారం దాకా రాదు. నోర్బెర్ట్ గుడ్డును ఆమె బల్ల మధ్యలో జాగ్రత్తగా పెట్టి, తలుపు వేసి, కిర్ష్‌బెర్గ్ గుట్ట మీదున్న ఒక బ్యాంకులో మీటింగుకు ట్రామ్ ఎక్కాడు.

ఆ ఏడు కొండల మీద మంచు పడలేదు. లియోనీ ముందు రోజే తిరిగి వచ్చేసింది.

నోర్బెర్ట్ మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆఫీసు పెళ్ళివారిల్లులా గుసగుసలాడుతోంది. రిసెప్షనులో కెట్టీ అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"వైడెర్ట్‌గారూ, విన్నారా? మన లియోనీగారికి ఎవరో 'సరే' అన్నారట!"

"దేనికి సరే అన్నారు?"

"అదే కదండీ అందరూ ఆలోచిస్తున్నారు! ఆవిడ బల్ల మీద ఇంత గుడ్డు పెట్టి వెళ్ళారు. గుడ్డు ఇచ్చారంటే ఆవిడ బ్రెట్జెల్ ఇచ్చి ఉండాలి కదా? లీపు సంవత్సరం కూడానూ! ఎవరికి ఇచ్చి ఉంటారంటారు? పన్నుల విభాగంలో ముగ్గురూ మాకు కాదంటే మాకు కాదని బైబిల్ మీద చెయ్యేసి చెబుతున్నారు."

నోర్బెర్ట్ లియోనీ గది వైపు రెండడుగులు వేసి ఆగాడు. "ఆవిడ కొండల మీద కదా ఉంది?"

"మంచు లేదటండీ. ఇప్పుడు ఆవిడ గదిలోకి వెళ్ళకండి. మనం వెళ్ళకూడదట. ఫిర్యాదు ఇచ్చారు."

ఫిర్యాదు నిజమే. జీవితంలో ఎవరి ముందూ తల వంచని లియోనీ, ఒక మగవాడికి తను బ్రెట్జెల్ ఇచ్చిందని ఎవరో ఊరంతా చాటుతున్నారని, ఇది తన గౌరవానికి భంగమని, సంస్థ 'గౌరవ పరిరక్షణ విధానం' కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. ఆ విధానం రాసింది నోర్బెర్టే. ఊళ్ళో సగం బ్యాంకులకు దాన్ని అమ్మింది కూడా అతనే. అందులో ఒక్క చిల్లు కూడా లేదని మీటింగుల్లో చెప్పుకుని గర్వపడేవాడు.

అతను తిన్నగా ఫెర్నాండ్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. ఇద్దరూ లా కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు.

"ఒరేయ్ ఫెర్నాండ్, ఆ గుడ్డు నాది."

"నోరు ముయ్!" అన్నాడు ఫెర్నాండ్ చెవులు రెండూ మూసుకుని. "నేను వినలేదు. విచారణాధికారి రాకముందు ఎవరేం ఒప్పుకున్నా వినకూడదు. తరవాత ఒత్తిడి పెట్టి ఒప్పించారంటారని నువ్వే రాశావు."

"అది మారియెట్ కోసంరా! చల్లగా ఉంటుందని ఆ గదిలో పెట్టాను."

"నేను వినటం లేదన్నానా? వెంటనే లాయరును పెట్టుకో."

"ఇంత చిన్నదానికి లాయరెందుకురా?"

"ఇలాంటి వ్యవహారాలకు ఈ ఊళ్ళో ఎవరు మంచి లాయరు, నువ్వే చెప్పు."

నోర్బెర్ట్ ఆలోచించాడు. "నేను."

"నీ తరవాత?"

"లియోనీ."

"ఆ తరవాత?"

"అవెన్యూ అవతల అలోయిస్ షానెన్."

"ఆయనే విచారణాధికారి. సంస్థ బయటి మనిషి, సమానమైన పేరున్నవాడు అయి ఉండాలని కదా నీ విధానం. లియోనీ ఆయన పేరే అడిగింది. ఇంకొకరైతే ఒప్పుకోనంది. మూడు గంటలకు వస్తున్నాడు."

"మూడు గంటలకు గైడు ఆవిడ కదరా వచ్చేది?"

"అదే నేనూ ఏడుస్తున్నాను" అన్నాడు ఫెర్నాండ్.

"సరే. నా గుడ్డు ఎక్కడుంది?"

"నీ గుడ్డు అనకు. సాక్ష్యాధారం అను. పెట్టెలో పెట్టి, సీలు వేసి, సేఫులో పెట్టించాను. అదీ నువ్వు రాసిందే."

నోర్బెర్ట్ కాసేపు కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం పూజ ఆరున్నరకు. మారియెట్ ఆరు గంటలకల్లా గుమ్మంలో కోటు వేసుకుని నిలబడుతుంది. ఇంతకాలానికి గుడ్డు చేతిదాకా వచ్చి సేఫులోకి పోయింది. తను రాసిన విధానాన్ని తనే దాటడం తప్పే. కానీ గుడ్డు ఇవ్వకపోవడం అంతకన్నా పాత తప్పు. రెండు తప్పుల్లో పాతదాన్ని ముందు సరిచేయాలని నిశ్చయించుకుని లేచాడు.

లియోనీ గదిలో చలి మొహాన కొట్టింది. ఆమె కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని ఏదో రాసుకుంటోంది.

"మీరు నాతో మాట్లాడకూడదు వైడెర్ట్‌గారూ. ఆ నిబంధన మీదే."

"తెలుసు. అయినా చెప్పాలి. ఆ గుడ్డు పెట్టింది నేను."

లియోనీ చేతిలో కలం ఆగిపోయింది. కోపం వస్తుందని నోర్బెర్ట్ ఎదురుచూశాడు. కోపం రాలేదు. ఆమె మొహం ఒక్కసారిగా, హీటరు ఆపేసిన గదిలా వెలవెలబోయింది.

"మీరా? నిజంగా మీరేనా?"

"నేనే. చల్లగా ఉంటుందని..."

"ఎవరు చల్లగా ఉంటారని?"

"గదండీ! గది చల్లగా ఉంటుందని! మా ఆవిడకు ఇవ్వాల్సిన గుడ్డు అది."

"మీ ఆవిడకు ఇవ్వాల్సింది నా బల్ల మీద ఎందుకు పెట్టారు?"

"మీరు ఉండరనుకున్నాను."

"అంటే నేను ఉన్నానని తెలిస్తే పెట్టేవారు కారు."

"చచ్చినా పెట్టేవాణ్ణి కాదు."

ఈ మాట మర్యాదగా లేదని అన్నాక తెలిసింది.

"దయచేసి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. గుడ్డు నాకు ఇప్పించండి. మీకు పుణ్యం ఉంటుంది" అన్నాడు నోర్బెర్ట్.

"తీసుకోను. తీసుకున్నా విచారణ ఆగదని మీరే రాశారు. మంచి నిబంధన. షానెన్‌గారు ఈ గదిలోకి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, అడగవలసిన ప్రశ్నలన్నీ అడగాలి. నేను ఎన్నాళ్ళుగానో..." ఆమె ఆగి, కలం మూత పెట్టింది. "వెళ్ళండి. తలుపు వేసి వెళ్ళండి."

గుడ్డు ఎవరిదో తెలిశాక కూడా విచారణ మీద ఆమెకు అంత పట్టు ఎందుకో నోర్బెర్ట్‌కు బోధపడలేదు. దాన్ని గురించి ఆలోచించేలోపే ఫోను మోగింది. మారియెట్.

"శుభాకాంక్షలు" అంది.

"దేనికి?"

"లియోనీకి గుడ్డు ఇచ్చావట కదా. ఆ గుడ్డు నీదేనని నువ్వు అనడం కెట్టీ తలుపు బయట విందట, వాళ్ళ అక్క జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి చెప్పింది. నా జుట్టు సగం కత్తిరించి ఉంది, సగం కత్తిరించలేదు, అలాగే లేచి వచ్చేశాను."

"మారియెట్, ఒక్క మాట విను..."

"ఒక్క మాట వినాలనే కదయ్యా ఇన్నేళ్ళు చూశాను! నాకు ఇప్పటిదాకా రాని సమాధానం ఆవిడకు మూడు వారాల్లో వచ్చేసింది. ఏం, ఆవిడ బ్రెట్జెల్ అంత బావుందా? బాదం పలుకులు ఎక్కువ వేయించిందా?"

"ఆవిడ నాకేం ఇవ్వలేదు!"

"అడక్కుండానే ఇచ్చావన్నమాట! ఇంకా బావుంది. సాయంత్రం గుడికి నేను ముందే వెళుతున్నాను. నువ్వు నెమ్మదిగా రా. అప్పులు క్షమించమని అడిగేటప్పుడు మాత్రం నా వైపు చూడకు."

ఫోను పెట్టేసింది. నోర్బెర్ట్ మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి ఆపేసి ఉంది. ఇంతకుముందు అతని పట్టుదల గుడ్డు కోసం. ఇప్పుడు ఆ గుడ్డుతో ఇల్లు నిలబెట్టుకోవలసి వచ్చింది.

సరిగ్గా మూడు గంటలకు లిఫ్టు తలుపులు తెరుచుకుని ఇద్దరు దిగారు. ఒకరు మిస్ హార్గ్రీవ్స్. రెండోవాడు అలోయిస్ షానెన్, బూడిదరంగు సూటు, చేతిలో సంచీ, వానలో తడిసిన పిచ్చుకలా బెరుకైన మొహం. కోర్టులో గర్జించే మనిషి బయట నోరు విప్పడు. మిస్ హార్గ్రీవ్స్ ఆయన్ని చూసి కనుబొమలు పైకెత్తింది. మొదటి స్థానంలో ఉన్న సంస్థ అధినేత రెండో స్థానంలో ఉన్న సంస్థకు, అదీ ఈస్టరు ముందు రోజుల్లో, ఎందుకొచ్చినట్టు?

"ఏదైనా ముఖ్యమైన పనా?" అని అడిగింది.

"గోప్యమైనది" అన్నాడు షానెన్.

ఫెర్నాండ్ పరుగున వచ్చి ఆవిణ్ణి తన గదికి తీసుకుపోయాడు. కానీ గది గోడలు అద్దాలవి. ఆవిడ కుర్చీలోంచి చూస్తూ ఉండగానే కెట్టీ సీలు వేసిన పెట్టెను రెండు చేతుల్తో పట్టుకుని, గుడిలో ప్రసాదం తెస్తున్నంత భక్తిగా సమావేశ మందిరంలోకి తీసుకుపోయింది. వెనకే నోర్బెర్ట్, లియోనీ వెళ్ళారు. తలుపు మూసుకుంది.

"రెండు సంస్థలూ కలిసిపోతున్నాయా?" అంది మిస్ హార్గ్రీవ్స్ మెల్లగా.

"లేదు లేదు" అన్నాడు ఫెర్నాండ్. చెమట తుడుచుకున్నాడు. అతను తుడుచుకున్న తీరు చూసి ఆవిడ ఖాయం చేసుకుంది. నడవాలోకి వెళ్ళి, మీకేమైనా తెలుసా అంటూ మిగతా రెండు సంస్థలకూ ఫోను చేసింది. వాళ్ళకు తెలియదు. తెలియకపోవడం వల్లే ఎక్కువ భయపడ్డారు. పావుగంటలో ఆ రెండు సంస్థల పెద్దలూ విడివిడిగా ఫెర్నాండ్‌కు ఫోను చేసి, విలీనం మాట ఎత్తితే ముందు తమతో ఎత్తమని బతిమాలారు.

సమావేశ మందిరంలో షానెన్ విధానం కాగితాలు ముందు పెట్టుకున్నాడు. లియోనీ వైపు చూడకుండా, పెట్టె వైపు చూస్తూ మాట్లాడాడు.

"వైడెర్ట్‌గారూ, ఈ గుడ్డు మీదేనా?"

"నాదే. నా భార్య కోసం. చలి కోసం అక్కడ పెట్టాను. రశీదు కూడా ఉంది. నాకు ఇచ్చేస్తే పోతాను."

"రాసుకుంటున్నాను. రైలాండ్‌గారూ, విధానం ప్రకారం మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. మన్నించండి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఫిర్యాదుకు మూలం ఏదైనా నిజంగా ఉందా లేదా అని తేల్చుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. ఈ ఏడు బ్రెట్జెల్ ఆదివారం నాడు మీరు ఏ పురుషుడికైనా బ్రెట్జెల్ ఇచ్చారా?"

లియోనీ వెన్ను నిటారుగా పెట్టుకుంది. "ఇచ్చాను."

నోర్బెర్ట్ రశీదు కోసం జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎవరికి?" అన్నాడు షానెన్.

"విచారణాధికారికి."

షానెన్ ఆ మాటను కాగితం మీద సగం రాసి, తను రాసింది చదువుకుని, ఆగిపోయాడు. ఆయన చెవులు రెండూ ముందు గులాబీ రంగులోకి, తరవాత ఎరుపులోకి తిరిగాయి.

"పెట్టెలో వచ్చినదా? బాదం పలుకులతో?"

"నేనే తెచ్చి మీ రిసెప్షనులో ఇచ్చాను. మీ పేరు రాశాను."

"అది సంస్థకు సంస్థ పంపిన మర్యాద అనుకున్నాను." ఆయన కళ్ళు కాగితం మీదకు దించుకున్నాడు. "అందరం కూర్చుని తిన్నాం. మా లెక్కల గుమాస్తా రెండు ముక్కలు తిన్నాడు."

"పేరు మీది కదా? సంస్థది కాదే?"

"నా పేరు మీద అలాంటివి రావు రైలాండ్‌గారూ. ఎప్పుడూ రాలేదు. వచ్చిందని అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు."

"బల్ల మీద గుడ్డు చూడగానే మీరే అనుకున్నాను" అంది లియోనీ. ఆ మాట చెప్పడానికి ఆమె కోర్టులో ఆఖరి వాదనకు నిలబడినట్టు నిలబడింది. "మీ నోటే విందామని పిలిపించాను, తీరా మీది కాదని తేలింది. అయినా సమాధానం లేకుండా నేను ఈస్టరు దాటను. అందుకే విచారణ ఆపలేదు. మీరు ఫోను ఎత్తరు, విందులకు రారు. విచారణకైతే తప్పకుండా వస్తారని తెలుసు."

షానెన్ కలం మూత పెట్టాడు. కాగితాలు సర్ది, అంచులు సమంగా చేసి, పక్కన పెట్టాడు. తరవాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"ఈ విచారణ నేను చేయలేను. తప్పుకుంటున్నాను."

"కారణం రాతలో చెప్పాలి" అంది లియోనీ.

"ఇందులో నాకు స్వప్రయోజనం ఉంది."

నోర్బెర్ట్ తన వృత్తిలో ఎన్నో ప్రేమ వ్యవహారాలను కాగితాల మీద చూశాడు. అన్నీ పరిహారం దగ్గరే తేలాయి. ఇంత చక్కటి ప్రేమ మాట మాత్రం ఎప్పుడూ వినలేదు. అతను పెట్టె వైపు చెయ్యి చాచాడు.

"గుడ్డుకైతే ఆదివారం దాకా గడువు ఉంది కదా?" అంటున్నాడు షానెన్.

"ఉంది."

"గడువు నేనెప్పుడూ దాటను."

వాళ్ళిద్దరూ బయటికి వచ్చి, ఒకరి పక్కన ఒకరు, కొంచెం ఎడంగా, నడవాలో లిఫ్టు దాకా నడిచారు. మిస్ హార్గ్రీవ్స్ వాళ్ళను చూసి, ఫెర్నాండ్‌ను చూసి, "ఇప్పుడైనా ఒప్పుకుంటారా? విలీనమేగా?" అంది.

ఫెర్నాండ్ వాళ్ళను కాసేపు చూశాడు. "ప్రాథమిక దశలో ఉంది" అన్నాడు.

అంతలో నోర్బెర్ట్ పెట్టె చంకలో పెట్టుకుని తలుపు వైపు వెళుతుంటే ఫెర్నాండ్ అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికిరా? అది సేఫులోకి వెళ్ళాలి. విచారణ ముగిసేదాకా సీలు విప్పకూడదు."

"విచారణ అయిపోయిందిగా!"

"అవలేదు. అధికారి తప్పుకున్నాడంతే. ఇంకో అధికారి వచ్చి ముగించాలి."

"మిగతా రెండు సంస్థల్లోంచి ఎవరినైనా పిలువు!"

"వాళ్ళిద్దరూ ఇప్పుడే మనతో కలుస్తామని ఫోను చేశారు. వాళ్ళకూ స్వప్రయోజనమే. ఈ ఊళ్ళో ఇక ఎవరున్నారు చెప్పు?"

నోర్బెర్ట్ పెట్టెను చూశాడు. తన విధానంలో ఒక్క చిల్లు కూడా లేదని అప్పుడు నిజంగా అర్థమైంది. పెట్టె ఫెర్నాండ్ చేతుల్లో పెట్టి, కోటు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగాడు.

పేస్ట్రీ దుకాణంలో ఆవిడ షట్టరు సగం దించింది. "గుడ్లు అయిపోయాయండీ. కుందేళ్ళున్నాయి, ఇవ్వనా?"

"కుందేలు పనికిరాదండీ."

"ఏం, చాక్లెట్ ఒకటేగా? రుచి కూడా ఒకటే."

"రుచి ఒకటే. సమాధానం మాత్రం కాదు."

ఇంకో రెండు దుకాణాలు తిరిగాడు. ఒకదానిలో ఖాళీ గూళ్ళు, రెండోదానిలో ఒక చాక్లెట్ కోడిపెట్ట మిగిలాయి. కోడిపెట్ట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఇది రేపో మాపో పెడుతుంది లెమ్మని చెబితే మారియెట్ ఊరుకోదని తట్టి, సాగిపోయాడు. ట్రామ్ స్టాపు పక్కనున్న కిరాణా దుకాణంలోకి వెళ్ళి, అట్ట పెట్టెలో ఉన్న మామూలు కోడిగుడ్లు కొన్నాడు. జనంతో కిక్కిరిసిన ట్రామ్‌లో ఆ పెట్టెను తల మీదకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఒక ముసలాయన లేచి సీటు ఇచ్చాడు. నోర్బెర్ట్ కూర్చుని, గుడ్లను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఏమని ప్రార్థించాలో తెలియక, పగలకుండా చూడు తండ్రీ అని మాత్రం అడిగాడు.

లింపెర్ట్స్‌బెర్గ్ గుడి మెట్ల మీద మారియెట్ ఒంటరిగా నిలబడి ఉంది. తలకు రుమాలు కట్టుకుంది, కత్తిరించని సగం జుట్టు ఒక వైపు నుంచి బయటికి వేలాడుతోంది. లోపల జనం సర్దుకుంటున్నారు. ఆమె భర్తను చూసి మొహం తిప్పుకుంది.

"ఆవిడ ఏమంది?"

"ఆవిడ అడిగింది నన్ను కాదు."

"మరి నువ్వు ఇచ్చింది?"

"ఆవిడకు కాదు. నీకే. చల్లటి చోటని అక్కడ పెట్టాను. ఆవిడ ఉండదనుకున్నాను, వచ్చేసింది."

మారియెట్ ఇటు తిరిగింది. "అంతేనా? ఈ ముక్క ఫోనులో చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. నువ్వు పెట్టేశావు."

"మళ్ళీ చేయొచ్చుగా?"

"చేశాను. ఆపేశావు."

తన తప్పు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ రుమాలు సర్దుకుంటుంది. ఇప్పుడూ అదే చేసింది.

నోర్బెర్ట్ అట్ట పెట్టెను ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఏమిటిది? వండమనా?"

"సమాధానం."

మారియెట్ మూత తీసింది. గుడి లోపలి దీపాల వెలుగు గుడ్ల మీద పడింది. పది తెల్లటి కోడిగుడ్లు, ఒక్కటీ పగల్లేదు. ఆమె వాటిని వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"చాక్లెట్‌వి కావేం?"

"చాక్లెట్‌ది సేఫులో ఉంది. చాలా ఏళ్ళు ఉండేలా ఉంది."

"నేను అడిగింది ఎనిమిదిసార్లు. ఇవి పది."

"ఎనిమిది, నువ్వు అడిగిన ప్రతి ఏటికి ఒకటి. మిగతా రెండూ ఆలస్యానికి."

ఆమె ఒక గుడ్డు తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, సంతలో కొనేటప్పుడు చూసినట్టు లోపలికి చూసింది. బావుందన్నట్టు తల ఊపింది. దాన్ని తిరిగి దాని గుంటలో పెట్టి, మూత వేసి, పెట్టెను కోటు లోపల గుండెకు ఆనించి పెట్టుకుంది. లోపల పాట మొదలైంది.

"నడు, చోటు దొరకదు" అంది. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వు ఆపుకుంటున్నాయి. "ముట్టినట్టు రశీదు రాసివ్వనా లాయరుగారూ?"

"అక్కర్లేదు" అన్నాడు నోర్బెర్ట్.

సంతకం లేకుండా ఒక వ్యవహారం ముగించడం అతని వృత్తి జీవితంలో అదే మొదటిసారి.